రెండు పేపర్లూ ఒకే మాట అన్న రోజు

బీజింగ్‌లో ప్రభుత్వ ప్రతినిధి విలేకరుల ముందు నిలబడే వేళకి మా ఇంట్లో అన్నాల వేళ అవుతుంది. కింద వంటింట్లోంచి అమ్మ పిలుస్తూ ఉంటుంది. మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ రోజు వాళ్లు ఏమంటారో అని నేను ఎదురుచూస్తూ ఉంటాను. ముమ్మిడివరం దాటాక, కొబ్బరి తోటలు పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యే చోట మా ఇల్లు. కిటికీలోంచి చూస్తే బాబాయిగారి చెరువు, దాని వెనక ఇంకొకరి చెరువు, ఆ వెనక మరొకరిది, కనుచూపు మేరా నీళ్లే. ఆ కిటికీ పక్కనే కూర్చుని చైనా నాయకుల మాటల్ని ఇంగ్లీషులోకి మారుస్తాను. ఢిల్లీలోని ఒక సంస్థ అందుకు నాకు జీతం ఇస్తుంది.

ఎవరైనా అడిగితే అమ్మ "కంప్యూటర్ పనండి" అని ఊరుకుంటుంది. నాకూ అదే హాయి. నలుగురి మధ్య నోరు తెరవడం నాకు చేతకాదు. చెప్పాలనుకున్నవన్నీ సాయంత్రం డైరీలో రాసుకుంటాను. ఇప్పుడు రాస్తున్నది కూడా చాలామటుకు అందులోంచి తీసిందే.

చైనీస్ నేను కోరి ఎంచుకున్నది కాదు. హైదరాబాదులో చదువుకి వెళ్లినప్పుడు జపనీస్ సీట్లు అయిపోతే చైనీస్ ఇచ్చారు. మొదట్లో ఏడుపొచ్చింది. తరవాత అదే నాకు లోకమైంది. హాస్టల్లో అందరూ సినిమాకి వెళ్లినప్పుడు నేను లైబ్రరీలో పాత ఉపన్యాసాల సంపుటాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. కథల పుస్తకాలకన్నా అవే ఎందుకు నచ్చాయో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ వాక్యాల్లో ఒక్క మాట కూడా ఊరికే పడి ఉండదు. ఒక ఏడాది వాడిన మాట మరుసటి ఏడాది కనిపించకపోతే, ఎక్కడో ఎవరిదో కుర్చీ కదిలినట్టు.

చదువు చివర్లో హైదరాబాదులోనే ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. చైనాలో అచ్చయ్యే రాజకీయ పుస్తకాల ఇంగ్లీషుని సరిదిద్దడం వాళ్ల పని. అక్కడి మేనేజరు చాలా మెత్తని మనిషి. మొదటి రోజునే నా ముందు ఒక పదాల పట్టిక పెట్టి, "ఎడమ పక్కవి వచ్చినచోట కుడి పక్కవి పెట్టమ్మా" అన్నారు. ఎడమ పక్క పోరాటం ఉంటే కుడి పక్క కృషి. ఎడమ పక్క ప్రాపగాండా ఉంటే కుడి పక్క పబ్లిసిటీ. ఎందుకండీ అని అడిగితే నవ్వేరు.

"బయటివాళ్లు చదివి భయపడకూడదు కదమ్మా. మనం అబద్ధం ఏమీ రాయట్లేదు. అంచులు కాస్త గుండ్రంగా చేస్తున్నాం, అంతే."

నాకప్పుడు ఆ మాట బాగానే అనిపించింది.

ఢిల్లీ సంస్థలో చేరాక కూడా పదాల పట్టిక ఇచ్చారు. అయితే అది తిరగేసి ఉంది. అక్కడ కృషిగా వెళ్లిన మాటే ఇక్కడ పోరు అవుతుంది, ఒక్కోసారి యుద్ధం అవుతుంది. "ఆశిస్తున్నాం" అన్నది "డిమాండ్ చేస్తున్నాం" అవుతుంది. మా ఎడిటర్ మేడమ్ ఫోన్లో ఇంగ్లీషులో, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు మాట్లాడేవారు. ఆవిడ నాకు మొదటి వారం చెప్పింది ఇది: "నీ ఇంగ్లీషు బాగుంది. కానీ నువ్వు వాళ్లని మెత్తబరుస్తున్నావు. ఆ అలవాటు మానుకో."

మానుకోవడానికి ప్రయత్నించాను. కానీ రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఒక క్షణం చెయ్యి ఆగేది. ఎందుకంటే ఆ చైనీస్ మాటలు నాకు ముందు తెలుగులో వినిపిస్తాయి, తెలుగులో ఈ తగువే లేదు. ప్రచారం అంటే మనకి ఎన్నికల ప్రచారమూ అదే, పోలియో చుక్కల ప్రచారమూ అదే. పోరాటం అన్న మాట మనకి కొత్త కాదు. అమలాపురంలో అంగన్‌వాడీ ఆయాలు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడు వెనక బ్యానరు మీద "పోరాటం ఆగదు" అని ఉంటుంది. ఆ పక్కనుంచి బస్సులు వెళ్తాయి, కొబ్బరి బొండాలవాడు వెళ్తాడు, ఎవరూ ఉలిక్కిపడరు. అదే మాటని ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చేసరికి, దాన్ని గుమ్మం ముందే ఆపి, నువ్వు ఎవరి మనిషివి అని అడిగినట్టు ఉంటుంది. జవాబు చెప్పకుండా లోపలికి రానివ్వరు. ఆ జవాబు నేను చెప్పాలి, దాని తరఫున.

మా సంస్థ రోజూ తయారుచేసే చైనా నోట్ సాయంత్రానికల్లా ఢిల్లీలో చందా కట్టే కొన్ని ఆఫీసులకి వెళ్తుంది. వాటిలో ఒక వార్తాసంస్థ కూడా ఉంది. అక్కడినుంచి దేశంలో ఎన్ని పత్రికలకి వెళ్తుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నా గదిలోంచి బయటికి వెళ్లింది తిరిగి నా గుమ్మంలోకి వస్తుందని అసలు అనుకోలేదు.

బాబాయిగారి గురించి చెప్పాలి. నాన్న మస్కట్‌లో ఉంటారు కాబట్టి మా ఇంటి పెద్ద ఆయనే. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య గోడ కూడా లేదు. వరి మానేసి చెరువు తవ్వించినప్పటినుంచి ఆయన ప్రాణమంతా ఆ నీళ్లలో ఉంది. గాలి మారినా, మబ్బు పట్టినా, కరెంటు పోయినా ముఖం మారిపోతుంది. కిందటి పంటకి తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలు చెరువులోనే పోయాయి. ఈసారి పంట కూడా పోతే చెరువు వదిలేసి, ఈ వయసులో నాన్న దగ్గరికి మస్కట్ వెళ్లిపోతానని పిన్నితో అనేశారు. పిన్ని నాతో చెప్పింది. ఆ మాట విన్నాక ఆ నీళ్లని నేను కూడా రోజూ భయంగానే చూసేదాన్ని.

ఆయన ఇంటికి రెండు పేపర్లు వేయించుకుంటారు. ఏ పేపరు ఏ పార్టీదో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకదాంట్లో సభకి జనం పోటెత్తితే, రెండోదాంట్లో అదే సభలో ఖాళీ కుర్చీల ఫొటో ఉంటుంది. పొద్దున్నే మొదటి మేత వేయించి, గట్టు మీది షెడ్డులో మడత మంచం మీద రెండూ పక్కపక్కన పరుచుకుని చదువుతారు. ఇది ఆయన ఒక్కరి పద్ధతే కాదు. మా చుట్టుపక్కల కాస్త ఆలోచన ఉన్న రైతులందరూ అంతే. ఒకే పేపరు చదివేవాణ్ణి చూసి వెనక నవ్వుకుంటారు.

"ఇతను కొండంత అన్నాడు, అతను ఆవగింజంత అన్నాడు. మన మట్టుకు మనం గుమ్మడికాయంత అనుకుంటే సరిపోద్ది అమ్మాయ్" అనేవారు నాతో.

"మరి ఇద్దరూ ఒకటే అంటేనండీ?"

"అయితే అది జరిగినట్టే. తుఫానొస్తందంటే ఇద్దరూ ఒకటే అంటారు చూడు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనివాళ్లు ఒకే మాట అన్నారంటే ఇంక అనుమానం ఏముంది?"

ఆ పద్ధతి ఆయన్ని ఎన్నోసార్లు కాపాడింది. ఎక్కువ రేటు వస్తుందని ఒక పేపరు ఊదితే రెండోదాన్ని చూసి ఆగేవారు. నాకూ అది తెలివైన పద్ధతి అనిపించేది. నేను చేసే పనికన్నా నమ్మకమైనది అని కూడా డైరీలో రాసుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజులు. సరిహద్దులో ఏదో జరిగిందని, జరగలేదని టీవీల్లో గొడవ పడుతున్నారు. ఆ మధ్యాహ్నం బీజింగ్‌లో ఒక శాఖ ప్రతినిధిని ఎవరో విలేకరి దిగుమతి రొయ్యల్లో మందుల అవశేషాల గురించి అడిగారు. ఆయన చెప్పిన జవాబు చిన్నదే. దిగుమతి అయ్యే జలచరాల తనిఖీని చట్టం ప్రకారం ఇంకా పటిష్ఠం చేస్తామని, సంబంధిత దేశాలు తమ ఆందోళనను గంభీరంగా తీసుకుంటాయని ఆశిస్తున్నామని. ఏ దేశం పేరూ లేదు. నేను ఉన్నది ఉన్నట్టు రాసి పంపి, అన్నం తినడానికి లేచాను. మెట్ల మీద ఉండగానే ఫోన్ మోగింది.

"ఇండియా పేరు ఎందుకు లేదు?" అన్నారు మేడమ్.

"ఆయన అనలేదండి."

"సంబంధిత దేశాలంటే ఎవరు? ఈ వారం ఇంకెవరు?"

"ఇంకా చాలా దేశాలు రొయ్యలు పంపిస్తాయండి. మునుపు కూడా ఇదే వాక్యం వేరే దేశాల గురించి..."

"చూడమ్మా. వాళ్లు ఏమన్నారో తెలుసుకోడానికి మన చందాదారులకి మనం అక్కర్లేదు, అనువదించే మెషీన్ చాలు. వాళ్ల ఉద్దేశం ఏమిటో తెలుసుకోడానికి మనం కావాలి."

నేను ఆయ్ అనలేదు, కాదనీ అనలేదు. ఫోన్ పెట్టేసి అన్నానికి దిగాను. సాయంత్రం బయటికి వెళ్లిన నోట్‌లో తనిఖీ అన్న మాట లేదు. చట్టం లేదు. భారత రొయ్యలపై ప్రతీకార చర్యలు తప్పవని చైనా హెచ్చరించింది అని ఉంది. కింద అనువాదకుల పేర్లు వేయరు. అది చూసి ఆ సాయంత్రం నాకు ఊరటగా అనిపించిందని డైరీలో ఉంది.

మర్నాడు పొద్దున్న పిన్ని కాఫీ పట్టుకెళ్లమంటే షెడ్డుకి వెళ్లాను. బాబాయిగారు మంచం మీద లేరు. గట్టు మీద నిలబడి చెరువువైపు చూస్తున్నారు. పక్క చెరువు రైతు ఒకాయన, పల్చగా పొడుగ్గా ఉంటారు, ఎప్పుడూ వేళాకోళం చేస్తారు, ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. మంచం మీద రెండు పేపర్లూ పక్కపక్కన ఉన్నాయి. రెండింటి మొదటి పేజీలోనూ అదే వార్త. ఒకదాంట్లో "రొయ్యలపై చైనా కన్నెర్ర". రెండోదాంట్లో "మన రొయ్యకు చైనా సెగ". లోపలి వాక్యాలు దాదాపు ఒకటే. చదువుతూ ఉంటే అవి ఎక్కడివో నాకు తెలిసింది. నిన్న మధ్యాహ్నం మేడమ్ వేసిన ఇంగ్లీషు వాక్యాలే, తెలుగు చొక్కా తొడుక్కుని వచ్చి మా మంచం మీద పడుకున్నాయి.

"చూసేవా అమ్మాయ్" అన్నారు బాబాయిగారు వెనక్కి తిరక్కుండా. "ఇద్దరూ ఒకటే అన్నారు."

"ఇంక ఆలోచించేదేముందండీ" అన్నారు పక్క చెరువాయన. "మేం రేపు వలలు దింపి పట్టించేస్తున్నాం. అవతల వాళ్లకి ఈపాటికే ఐసు లారీ వచ్చేసింది."

"రొయ్య ఇంకా చిన్నదండి" అన్నారు బాబాయిగారు.

"పెద్దదయ్యేదాకా ఆగితే కొనేవాడు ఉంటాడేంటండీ? అప్పుడు మీరూ మేమూ ఇగురు పెట్టుకు తినాలి ఏడాదంతా."

బాబాయిగారు నవ్వలేదు. తాడు లాగి చెక్ ట్రే పైకి తీశారు. మేత ఎంత తిన్నాయో చూసే వల బుట్ట అది. అందులో వేలెడు రొయ్యలు గాజుముక్కల్లా ఎగురుతున్నాయి. ఇంకొన్ని వారాలు మేత తింటే వాటి బరువు రెట్టింపవుతుంది. ఇప్పుడు పడితే మేతకి పెట్టింది కూడా రాదు. ఆయన వాటిని చాలాసేపు చూసి మళ్లీ నీళ్లలోకి వదిలారు.

కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది. మాట్లాడాలని అనుకోలేదు, మాట వచ్చేసింది.

"ఆయన అలా అనలేదు బాబాయిగారూ."

ఇద్దరూ నావైపు చూశారు.

"ఎవరు?"

"ఆ చైనా ఆయన. తనిఖీ చేస్తామన్నాడంతే. మన పేరు ఎత్తలేదు. నిన్న అది ఇంగ్లీషులోకి రాసింది నేనేనండి. నేను పంపేక మార్చేరు."

పక్క చెరువాయన నన్ను పైనుంచి కిందకి చూశారు. "ఏమ్మా, చైనా మంత్రిగారు నీకు ఫోన్ చేసేరా?" అన్నారు. తరవాత బాబాయిగారివైపు తిరిగి, "అమ్మాయి నోట్లోంచి ఇన్ని మాటలు రావడం నేను ఇదే చూడ్డం అండి" అన్నారు.

"రెండు పేపర్లూ రాసేయి కదమ్మా" అన్నారు బాబాయిగారు. కోపంగా కాదు, నన్ను బతిమాలుతున్నట్టు.

"రెండిటికీ ఒకేచోటనుంచి వచ్చిందండి. ఇక్కడి వార్తయితే వాళ్ల మనుషులు వీళ్ల మనుషులు విడివిడిగా చూసి రాస్తారు. చైనా వార్త ఎవరూ చూడలేదు. ఒక్క కాగితాన్ని ఇద్దరూ దించుకున్నారు."

ఆయన మంచం మీది పేపర్లవైపు చూశారు. ఒకదాని మీద ఒకటి పెట్టారు, మళ్లీ విడదీశారు. ఎన్నో ఏళ్లుగా ఆయన నడిచి వస్తున్న దారిలో ఒక పలక కదిలినట్టు అనిపించింది నాకు. నేనే దాన్ని కదిపాను.

"అయితే ఏమంటావు? పట్టొద్దంటావా?"

అప్పుడు నాకు భయం వేసింది. నాకు తెలిసింది ఆ మనిషి ఏ మాటలు వాడాడో. ఆయన అడుగుతున్నది వాళ్లు కొంటారా కొనరా అని. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు. అయినా ఆ చెక్ ట్రేలోని రొయ్యలు కళ్ల ముందు ఎగురుతున్నాయి.

"అన్నదాన్నిబట్టి అయితే పట్టక్కర్లేదండి" అన్నాను.

బాబాయిగారు ఆ రోజు రొయ్యలు కొనే ఏజెంటుకి ఫోన్ చేయలేదు.

ఆ తరవాతి రోజుల్లో మా చుట్టూ చెరువులు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. లారీలు కాలవ గట్టు మీద బారులు తీరాయి. అందరూ ఒకేసారి పట్టేసరికి కొనేవాళ్లు రేటు ఇంకా దించేశారు, రేటు దిగడం చూసి మిగిలినవాళ్లు ఇంకా తొందరపడ్డారు. నా కిటికీలోంచి చూస్తే నీళ్లు ఉండే చోట నల్లటి బురద, దాని మీద కొంగలు. మధ్యలో బాబాయిగారి చెరువు ఒక్కటే నిండుగా ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమండీ, మీది చైనా వెళ్లదా అండి, నేరుగా చంద్రమండలానికా?" అని అడిగి పోయేవారు. ఆయన "ఆయ్" అని ఊరుకునేవారు. పేపర్లు వస్తున్నా మడత విప్పడం మానేశారు. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి మా మేడ మెట్ల దగ్గరికి వచ్చి, "ఈరోజేమన్నా అన్నాడా అమ్మాయ్?" అని కిందనుంచే అడిగేవారు. ఏమీ అనలేదండి అంటే వెళ్లిపోయేవారు.

ఆ ప్రశ్న వినడం రోజురోజుకీ కష్టమైంది. ఆ చైనా ప్రతినిధి మొదట అన్న వాక్యాన్ని మళ్లీ మళ్లీ తీసి చదువుకునేదాన్ని. మా వైపు మర్యాద ఎక్కువ. బెదిరింపు కూడా అండీ చేర్చే చెబుతారు. బాబాయిగారు చెరువు తవ్వించేటప్పుడు ఆనుకున్న వరిచేను రైతు ఇంటికి వచ్చి, కాఫీ తాగి, "తవ్వుకోండి బాబూ, మీ భూమి మీ ఇష్టం. మా చేలోకి ఉప్పు ఊట దిగితే అప్పుడు చూసుకుందాం లెండి" అని నవ్వుతూ వెళ్లారు. నెల తిరక్కుండా కోర్టు నోటీసు వచ్చింది. ఆ రోజు ఆయన అన్న మాటల్ని ఎవరైనా పరాయివాడికి అనువదించమంటే నేను ఏమని రాసేదాన్ని? తవ్వుకోమన్నాడు అని రాస్తే ప్రతి మాటా సరైనదే. దాన్ని నమ్మి తవ్వినవాడు మునుగుతాడు.

అంటే మేడమ్ చేసింది తప్పు కాదా? గుండ్రంగా చేసిన అంచు, పదును పెట్టిన అంచు, ఏది ఆ వస్తువుకి అసలు అంచు? హైదరాబాదు మేనేజరు నా చేతికి నేర్పిన మెత్తదనమే నేను చదవడంలోకి కూడా వచ్చేసిందేమో. రాయడం మాత్రమే కాదు, వినడం కూడా పట్టికలే నేర్పుతాయేమో. ఇవన్నీ డైరీలో రాసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి నాకు తెలిసినవాళ్లందరూ ఏదో ఒక పట్టిక చేతిలో ఉన్నవాళ్లే.

ఒక మధ్యాహ్నం ఫైలు వచ్చింది. అదే శాఖ, అదే ప్రతినిధి. మొదటి పేరా చదివి మళ్లీ మొదటికి వచ్చాను. కొన్ని విదేశీ వార్తాసంస్థలు చైనా మాటలను దురుద్దేశంతో వక్రీకరించాయని, భారతదేశంలో కొన్ని శక్తులు రైతులను భయపెట్టి చైనాపై బురద జల్లుతున్నాయని, ఇలా నిప్పుతో ఆడుకునేవాళ్లు దాని ఫలితాన్ని తామే మోయాలని, భారతదేశం నుంచి వచ్చే సరుకు విషయంలో అవసరమైన ఎదురు చర్యలకు తాము పూర్తిగా సిద్ధంగా ఉన్నామని. ఈసారి పేరు ఉంది. రెండుసార్లు ఉంది. గుండ్రంగా చెయ్యడానికి ఎక్కడా అంచు దొరకలేదు. మనవాళ్లు వాళ్ల నోట్లో పెట్టిన మాటని ఈసారి వాళ్లే అన్నారు.

పట్టిక చూడనక్కర్లేకుండానే రాశాను. ప్రతి మాటకీ కఠినమైన ఇంగ్లీషు మాటే సరైన మాట. పంపకుండా అలా ఉంచి కిందకి దిగాను. బాబాయిగారు మెట్ల దగ్గరే ఉన్నారు. నా ముఖం చూశారు. ఇద్దరం గట్టువైపు నడిచాం.

"అన్నాడా?"

"అన్నాడండి."

"మొన్న అనలేదన్నావు."

"మొన్న అనలేదండి. అన్నాడని మనం అన్నాం. అది చూసి ఇప్పుడు అన్నాడు."

ఆయన నీళ్లవైపు చూస్తూ నిలబడ్డారు. రొయ్య ఇప్పుడు కాస్త ఎదిగింది, కావలసినంత కాదు.

"ఇది పేపర్లో ఎప్పుడొస్తది?"

"నేను పంపితే రేపు పొద్దున్నండి."

పంపకపోతే అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. తరవాత ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఏజెంటుకి చేశారు. స్పీకరు పెట్టుకోకుండానే అవతలి గొంతు నాకు వినిపించింది.

"మీకే చేద్దామనుకుంటున్నానండి. చైనా గురించి ఇప్పుడే మెసేజ్ వచ్చింది మాకు. చూసేరా?"

నేను గదిలో దాచుకుని వచ్చానని అనుకున్న వాక్యాలు నాకన్నా ముందే ఊళ్లోకి వచ్చేశాయి. నాలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో, ఎన్ని మెషీన్లు ఉన్నాయో. బాబాయిగారు ఆ మనిషి చెప్పిన రేటుకి బేరం ఆడలేదు. రేపు పొద్దున్నే లారీ పంపమన్నారు. నేను పైకి వెళ్లి ఫైలు పంపేశాను. అరగంటలో మేడమ్ దగ్గరనుంచి జవాబు వచ్చింది. ఒక్క మాట కూడా మార్చలేదని, ఇప్పటికి నాకు పని తెలిసిందని.

మర్నాడు వలలు దిగాయి. పట్టుబడి అంటే మామూలుగా మా ఇంట్లో పండగలా ఉంటుంది, పిన్ని పనివాళ్లకి టిఫిన్లు చేయిస్తుంది. ఆ రోజు కూడా ఇడ్లీ చేసింది గాని ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. క్రేట్లు నిండుతుంటే ఏజెంటు మనిషి గుప్పెడు తీసి తూచి, కిలోకి ఎన్ని తూగాయో లెక్కపెట్టి రాసుకున్నాడు. చిన్నవి అని పైకి అనలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు. పిన్ని క్రేట్ల దగ్గర నిలబడి నావైపు ఒకసారి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. రేటు ఇంకా అంత పడక ముందే అందరితోపాటు పట్టేసి ఉంటే, కనీసం అందరిలా ఉండేవాళ్లం.

మధ్యాహ్నానికి చెరువు అడుగు కనిపించింది. అప్పుడు నా ఫోన్లో మేడమ్ మెసేజ్ వచ్చింది. "నువ్వు ఉండేది రొయ్యల ప్రాంతమే కదా. చైనా బెదిరింపుతో అక్కడి రైతులు పంటని ముందే తీసేస్తున్నారని వింటున్నాం. ఈరోజు నోట్‌లో వేద్దాం. రెండు వాక్యాలు, వీలైతే ఒక ఫొటో."

గట్టు మీదే నిలబడి రాశాను. చైనా భారత్ పేరు ఎత్తకముందే, ఎత్తిందని చదివి ఇక్కడి రైతులు చాలామంది చెరువులు పట్టేశారు. చదివింది నమ్మకుండా ఆగిన ఒక రైతు, చైనా నిజంగా ఆ మాట అన్నాక ఈరోజు పట్టాడు. తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా మెత్తగా లేదు, ఎక్కడా పదును పెట్టలేదు. పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. "థాంక్స్. చాలా బాగుంది. కాస్త బిగిస్తాను."

బాబాయిగారు నా పక్కకి వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. "ఎవరమ్మా, ఆఫీసా?" అన్నారు. చెప్పాను. మనం పట్టేసిన సంగతి రాయమన్నారని, రాశానని, ఫొటో కూడా అడిగారని.

ఆయన ఖాళీ చెరువువైపు చూశారు. "తీసుకో మరి. రాసింది మారుస్తారు గాని, ఫొటోలో ఉన్నదాన్ని ఏం మారుస్తారు? చెరువు ఖాళీగా ఉంది, అంతేగా. నన్ను కూడా తీసుకో కావాలంటే."

తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఖాళీ చెరువుకి వీపు పెట్టి నిలబడ్డారు. నేను ఫోన్ పైకెత్తాను. తెర మీద ఆయన, ఆయన వెనక బురద, ఇంకా వెనక అవతలివాళ్ల ఖాళీ చెరువులు. ఆ బొమ్మ కింద ఇంగ్లీషులో ఒక వరుస పడుతుంది. మర్నాటికి అది తెలుగులోకి వస్తుంది, ఆ తరవాత బీజింగ్‌లో నాలాంటి పిల్ల ఎవరో దాన్ని చైనీస్‌లోకి మారుస్తుంది. ఆమె ముందు కూడా ఒక పట్టిక ఉంటుంది.

"కింద ఏం రాస్తారో అది మనం రాయం కదండీ" అన్నాను.

తీస్తానో తీయనో అని ఆయన నావైపే చూశారు. నేను ఫోన్ దించాను. "అయితే వద్దులే" అని ఆయన లారీ దగ్గరికి వెళ్లిపోయారు.